ఐటర్‌లో వాటా ఉంది, పరీక్షకు చోటు లేదు

న్యూఢిల్లీ : కేంద్రక సంలీనం ద్వారా విద్యుత్తు సాధించాలన్న అంతర్జాతీయ ప్రయత్నంలో భారతదేశం సుమారు తొమ్మిది శాతం వాటాదారు. దక్షిణ ఫ్రాన్స్‌లోని కదరాష్ వద్ద నిర్మాణంలో ఉన్న ‘ఐటర్’ రియాక్టర్‌ను తనలో పొదువుకునే మహా ఉక్కు పాత్ర గుజరాత్‌లోని హజీరాలో రూపుదిద్దుకుంది. ఆ రియాక్టర్ వేడిని చల్లార్చే నీటి వ్యవస్థలో ప్రధాన భాగం కూడా భారత్ సమకూర్చినదే. అయితే రేపటి సంలీన విద్యుత్ కేంద్రానికి ప్రాణప్రదమైన ఒక భాగం విషయంలో మాత్రం మన స్థానం అంత భద్రంగా లేదు. ఇంధనాన్ని పుట్టిస్తూ, వేడిని బయటకు చేరవేసే ‘బ్లాంకెట్’ అనే కవచాన్ని ఐటర్‌లో పరీక్షించేందుకు తొలి విడతలో నాలుగు నమూనాలకు చోటు కేటాయించగా, వాటిలో భారత నమూనా లేదు.

ఈ విషయానికి దేశంలో పెద్దగా ప్రచారం లభించలేదు. సంలీనం అనగానే పదిహేను కోట్ల డిగ్రీల వేడి, భూమిపై సూర్యుడు వంటి మాటలే వార్తల్లోకి ఎక్కుతాయి. ప్రధాని నరేంద్ర మోదీ ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్‌తో కలిసి 2025 ఫిబ్రవరి 12న ఐటర్‌ను సందర్శించినప్పుడూ అలాగే జరిగింది. కాకతాళీయంగా అదే రోజున, అదే కదరాష్‌లోని ఫ్రెంచి యంత్రం ‘వెస్ట్’ 1,337 సెకన్లపాటు ప్లాస్మాను నిలిపి ఉంచి రికార్డు సృష్టించింది. అంతకుముందు 2023 అక్టోబరులో బ్రిటన్‌లోని ‘జెట్’ యంత్రం కేవలం 0.2 మిల్లీగ్రాముల ఇంధనంతో 69 మెగాజౌళ్ల శక్తిని వెలువరించింది. ఇవి చిన్న విజయాలేమీ కావు. కానీ పొయ్యి వెలిగినంత మాత్రాన వంట పూర్తి కాదు. ఆ మంటకు కట్టెలు ఎక్కడినుంచి వస్తాయి, ఆ వేడిని గిన్నెకు చేర్చేదెలా అన్న రెండు ప్రశ్నలకూ సమాధానం చెప్పవలసింది బ్లాంకెటే.

విత్తనం మిగలాలి

సంలీన రియాక్టర్‌లో ఇంధనాలు రెండు. అవి డ్యుటీరియం, ట్రిటియం. రెండూ హైడ్రోజన్ రూపాలే. మొదటిదానికి కొరత లేదు. ప్రతి 6,400 హైడ్రోజన్ పరమాణువులలో సుమారు ఒకటి డ్యుటీరియమే కనుక నీరు ఉన్నంతకాలం అది ఉంటుంది. దానిని భారజలం రూపంలో వేరుచేసే విద్య మనకు కొత్త కాదు. గోదావరి తీరాన మణుగూరు సమీపంలోని భారజల కర్మాగారం మూడు దశాబ్దాలకు పైగా చేస్తున్న పని అదే.

చిక్కంతా ట్రిటియంతోనే. అది ప్రకృతిలో దాదాపు దొరకదు. తయారుచేసి దాచుకుందామంటే నిలవదు. దాని అర్ధ జీవితకాలం 12.3 సంవత్సరాలు. అంటే ఈ ఏడాది వంద గ్రాములు దాచినవారికి వచ్చే ఏడాది తొంభై నాలుగున్నర గ్రాములే మిగులుతాయి. ప్రపంచంలో పౌర అవసరాలకు లభించే ట్రిటియం భారజల రియాక్టర్లలో, ముఖ్యంగా కెనడాలో, ఉప ఉత్పత్తిగా వచ్చేదే. నిల్వ పాతిక, ముప్ఫై కిలోలకు మించదని అంచనా. ధర గ్రాముకు ముప్ఫై వేల డాలర్ల వరకు పలుకుతోంది.

దేశ రాజధాని ప్రాంతంలో భాగమైన బులంద్‌షహర్ జిల్లాలో, గంగానది ఒడ్డున నరోరా అణు విద్యుత్ కేంద్రం ఉంది. 220 మెగావాట్ల రెండు రియాక్టర్లు అక్కడ భారజలంతో నడుస్తున్నాయి. న్యూట్రాన్ల తాకిడికి ఆ భారజలంలోని డ్యుటీరియం కొంత ట్రిటియంగా మారుతూ ఉంటుంది. అక్కడి సిబ్బందికి అది జాగ్రత్తగా కాచుకోవలసిన రేడియోధార్మిక పదార్థం. సంలీన శాస్త్రవేత్తలకు అదే అమూల్య ఇంధనం. కాకపోతే ఇటువంటి రియాక్టరు ఏడాదికి ఉత్పత్తి చేసే ట్రిటియాన్ని గ్రాములలో లెక్కించాలి గాని కిలోలలో కాదు.

అవసరం మాత్రం కిలోలలో ఉంది. వెయ్యి మెగావాట్ల సంలీన శక్తి ఏడాది పొడవునా వెలువడాలంటే సుమారు 56 కిలోల ట్రిటియం ఖర్చవుతుంది. ఇది వేడి లెక్క. వేడిలో మూడోవంతో, కొంచెం ఎక్కువో మాత్రమే విద్యుత్తుగా మారుతుంది కాబట్టి, వెయ్యి మెగావాట్ల విద్యుత్ కేంద్రానికి ఏటా నూట యాభై కిలోల వరకు కావాలి. రోజుకు దాదాపు నాలుగు వందల గ్రాములు! ప్రపంచ నిల్వ మొత్తాన్ని తెచ్చి పోసినా అటువంటి కేంద్రం ఒక్కటి రెండు, మూడు నెలలకు మించి నడవదు.

కనుక ప్రతి సంలీన కేంద్రం తన ట్రిటియాన్ని తానే పండించుకోవాలి. డ్యుటీరియం, ట్రిటియం కలిసినప్పుడు ఒక హీలియం కేంద్రకం, ఒక న్యూట్రాన్ వెలువడతాయి. మొత్తం శక్తిలో ఐదింట నాలుగు వంతులు ఆ న్యూట్రాన్‌దే. దానికి విద్యుదావేశం లేదు. అందువల్ల అయస్కాంత క్షేత్రం దానిని ఆపలేదు. అది నేరుగా గోడలోకి దూసుకుపోతుంది. ఆ గోడలో లిథియం ఉంటే న్యూట్రాన్ దానిని తాకి ట్రిటియాన్ని పుట్టిస్తుంది. ఒక ట్రిటియం ఖర్చయితే ఒక న్యూట్రాన్ వచ్చింది, ఆ ఒక్క న్యూట్రాన్ మరొక ట్రిటియాన్ని ఇవ్వాలి. లెక్క సరిగ్గా ఒకటికి ఒకటి.

వ్యవసాయం తెలిసినవారికి ఇందులోని ఇరకాటం వెంటనే బోధపడుతుంది. వేసిన గింజకు ఒక్క గింజే తిరిగి వచ్చే పంటలో ఎలుకలకు, తాలుకు, తరుగుకు పోను వచ్చే ఏటికి విత్తనం మిగలదు. ఇక్కడా అంతే. కొన్ని న్యూట్రాన్లను ఉక్కు మింగేస్తుంది. కొన్ని పరికరాల కోసం వదిలిన రంధ్రాల గుండా జారిపోతాయి. పుట్టిన ట్రిటియంలో కొంత గొట్టాల్లో చిక్కుకుంటుంది, కొంత కాలక్రమంలో క్షీణిస్తుంది. కనుక ఒకటి ఖర్చుకు కనీసం 1.05 నుంచి 1.15 వరకు రాబడి ఉండేలా రూపకల్పన జరగాలి. ఇందుకోసం సీసం గాని, బెరీలియం గాని చేరుస్తారు. వేగంగా వచ్చిన న్యూట్రాన్ సీసం కేంద్రకాన్ని ఢీకొంటే రెండు న్యూట్రాన్లు బయటకు వస్తాయి. ఆ అదనమే విత్తనపు గింజలకు ఆధారం. కాగితంపై ఈ లెక్క కుదిరింది. ఏ దేశమూ నిజమైన రియాక్టర్‌లో దీనిని ఇంతవరకు చేసి చూపలేదు.

నీరా, వాయువా, కరిగిన లోహమా?

ఇంధనం పండించడం బ్లాంకెట్ చేయవలసిన పనిలో సగమే. న్యూట్రాన్లు మోసుకొచ్చిన వేడిని ఆవిరి పుట్టించేంత ఉష్ణోగ్రతలో బయటకు తీసుకురావడం తక్కిన సగం. ఐటర్‌లోని 440 బ్లాంకెట్ ఫలకాలు ఈ రెండు పనులూ చేయవు. అవి లోపలి భాగాలను, అయస్కాంతాలను కాపాడే కవచాలు మాత్రమే. వాటి గుండా సుమారు 70 డిగ్రీల నీరు ప్రవహించి వేడిని శీతల గోపురాలకు చేర్చి గాలిలో వదిలేస్తుంది. ఐటర్ ఒక్క యూనిట్ విద్యుత్తును కూడా ఉత్పత్తి చేయదన్న సంగతి చాలామందికి తెలియదు. అందుకే ఆ కవచంలో కొన్ని కిటికీలు వదిలి, వాటిలో అసలు సిసలు బ్లాంకెట్ నమూనాలను చిన్న పరిమాణంలో అమర్చి చూడాలని భాగస్వామ్య దేశాలు నిర్ణయించాయి.

వేడిని మోసేందుకు ఏది ఎంచుకోవాలన్న దానిపై దేశానికో మార్గం. నీరు అందరికీ పరిచితమైనది. నేటి అణు విద్యుత్ కేంద్రాల అనుభవమంతా దానితోనే ఉంది. కానీ దానిని 300 డిగ్రీలకు పైన ద్రవంగానే ఉంచాలంటే వాతావరణ పీడనానికి నూట యాభై రెట్ల ఒత్తిడి కావాలి. పైగా గోడల గుండా ఇంకిన ట్రిటియం నీటిలో కలిస్తే దానిని తిరిగి వేరుచేయడం ఖర్చుతో కూడిన పని. హీలియం వాయువు దేనితోనూ రసాయనికంగా చర్య జరపదు, 500 డిగ్రీల వరకు వేడెక్కించవచ్చు. అయితే వాయువు పలుచన కావడం వల్ల చాలినంత వేడిని మోయించాలంటే పెద్ద పంపులతో వేగంగా తిప్పాలి. కేంద్రం ఉత్పత్తి చేసిన విద్యుత్తులో గణనీయ భాగాన్ని ఆ పంపులే మింగేస్తాయి.

మూడో మార్గం కరిగిన సీసం, లిథియం మిశ్రమం. ఇది 235 డిగ్రీల వద్ద కరుగుతుంది. న్యూట్రాన్లను పెంచే సీసం, ట్రిటియాన్ని పుట్టించే లిథియం, వేడిని మోసే ద్రవం మూడూ ఒక్కటే అవుతాయి. ఒకే దెబ్బకు మూడు పిట్టలన్నమాట. కానీ అయస్కాంతం ఊరుకోదు. ఐటర్‌లోని క్షేత్ర బలం భూమి అయస్కాంత క్షేత్రం కంటే లక్ష రెట్లు ఎక్కువ. అందులో కరిగిన లోహం కదిలితే లోహంలో విద్యుత్తు పుట్టి, ఆ విద్యుత్తే లోహం కదలికకు ఎదురు తిరుగుతుంది. ఇళ్లలోని పాత కరెంటు మీటరులో తిరిగే అల్యూమినియం చక్రానికి పగ్గం వేసేది ఈ సూత్రమే. అంత బరువైన ద్రవాన్ని అంతటి పగ్గానికి ఎదురు నెట్టాలంటే పంపుల ఒత్తిడి విపరీతంగా పెంచాలి, లేదా గొట్టాల లోపలి గోడకు విద్యుత్తును ప్రసరింపనీయని పూత పూయాలి. ఆ పూత సీసం కోతకు, న్యూట్రాన్ల తాకిడికి ఏళ్లతరబడి తట్టుకుంటుందా అన్నది తేలవలసి ఉంది.

గాంధీనగర్ సమీపంలోని ప్లాస్మా పరిశోధన సంస్థ రూపొందించిన భారత నమూనా ఈ మార్గాలలో రెండింటిని కలిపింది. లిథియం టైటనేట్ అనే పింగాణీ వంటి పదార్థాన్ని చిన్న గుళికలుగా చేసి గదులలో నింపుతారు. వాటి చుట్టూ సీసం-లిథియం ద్రవం మెల్లగా ప్రవహిస్తూ వేడిని మోసుకుపోతుంది. గుళికల మధ్యగా తక్కువ పీడనంతో వెళ్లే హీలియం అక్కడ పుట్టిన ట్రిటియాన్ని ఊడ్చుకొస్తుంది. ప్లాస్మాకు ఎదురుగా ఉండే ముందు గోడను అధిక పీడన హీలియం చల్లబరుస్తుంది. ట్రిటియం గుళికల్లోనూ, ద్రవంలోనూ పుడుతుంది కనుక రాబడి పెరుగుతుందనేది రూపకర్తల వాదన. వ్యవస్థ జటిలమైనదన్న మాట కూడా అంతే నిజం. మూడు ప్రవాహాలను ఒకే పెట్టెలో నడపాలి. ఆ పెట్టె పరిమాణం చూస్తే వెడల్పు అర మీటరుకు అటూ ఇటూ, ఎత్తు మీటరున్నర పైచిలుకు మాత్రమే.

హైదరాబాద్ ఉక్కు

ఈ పెట్టెకు వాడే ఉక్కు కథ తెలుగువారికి ఆసక్తి కలిగించేదే. సాధారణ ఉక్కులో కలిపే నికెల్, మాలిబ్డినం, నయోబియం వంటి లోహాలు సంలీన న్యూట్రాన్లు తగిలితే దీర్ఘకాలం రేడియోధార్మికంగా మారిపోతాయి. అవి ఉంటే సంలీనం పరిశుభ్రమైన ఇంధనమన్న వాదనే నిలవదు. అందువల్ల వాటిని తొలగించి టంగ్‌స్టన్, టాంటలం చేర్చిన ప్రత్యేక ఉక్కును కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం, ప్లాస్మా పరిశోధన సంస్థ కలిసి రూపొందించగా, దానిని హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధాని కర్మాగారంలో పోతపోశారు. తొమ్మిది శాతం క్రోమియం, 1.4 శాతం టంగ్‌స్టన్, 0.06 శాతం టాంటలం దీని కూర్పు. టాంటలం పాలు ఎంత తక్కువో, దానిని కచ్చితంగా నిలపడం అంత కష్టం. ఈ తరహా ఉక్కు 550 డిగ్రీల పైన మెత్తబడుతుంది. ఆవిరి ఎంత వేడిగా ఉంటే విద్యుత్తు అంత చౌక కాబట్టి, సంలీన కేంద్రం ఆర్థికంగా గట్టెక్కుతుందా లేదా అన్నది ఒక రకంగా ఈ ఉక్కు చేతిలో ఉంది.

ఇంత పని జరిగాక భారత నమూనా తొలి విడతలో ఎందుకు లేదన్న సందేహం సహజం. ప్రారంభంలో ఐటర్‌లో మూడు కిటికీలు, కిటికీకి రెండు చొప్పున ఆరు నమూనాలు అనుకున్నారు. భారత్‌ది అందులో ఒకటి. తరువాత కిటికీలు రెండుకు, నమూనాలు నాలుగుకు తగ్గాయి. ఇప్పుడు ఐరోపా సొంతంగా ఒకటి, దక్షిణ కొరియాతో కలిసి మరొకటి, జపాన్ ఒకటి, చైనా ఒకటి పెడుతున్నాయి. బ్లాంకెట్ నమూనాల రూపకల్పన, ఖర్చు ఆయా దేశాలవే కావడం ఇక్కడ గమనార్హం. పెద్ద పాత్రను, నీటి గొట్టాలను సరఫరా చేసినందుకు దక్కే వాటా వేరు, బ్లాంకెట్‌ను న్యూట్రాన్ల ముందు నిలబెట్టి పొందే అనుభవం వేరు. మొదటిది వెల్డింగులో, భారీ ఇంజనీరింగులో మన కంపెనీలకు పేరు తెచ్చింది. సుమారు 30 మీటర్ల ఎత్తు, అంతే వెడల్పు, 3,850 టన్నుల బరువు ఉన్న ఆ పాత్ర నిర్మాణం సామాన్యమైనది కాదు. రెండోది లేకుంటే మాత్రం రేపు సంలీన కేంద్రం కట్టుకునేటప్పుడు దాని గుండెకాయను బయటినుంచి కొనుక్కోవలసి వస్తుంది.

కొనుక్కోవడం కూడా సులభం కాదు. సహజ లిథియంలో ట్రిటియాన్ని సులువుగా పుట్టించే లిథియం-6 పాలు 7.5 శాతమే. సీసం-లిథియం బ్లాంకెట్లకు దానిని 90 శాతం దాకా శుద్ధి చేయాలి. హైడ్రోజన్ బాంబు తయారీలోనూ ఇదే పదార్థం వాడతారు కనుక శుద్ధి చేసిన లిథియం-6, ట్రిటియం రెండూ అణు సరఫరాదారుల బృందం నియంత్రణ జాబితాలో ఉన్నాయి. ఆ బృందంలో భారత్‌కు సభ్యత్వం లేదు. అసలు అది ఏర్పడిందే 1974 పోఖ్రాన్ పరీక్ష దరిమిలా. అమెరికా 1950, 60 దశకాల్లో టెనెసీ రాష్ట్రంలోని ఓక్‌రిడ్జ్‌లో పాదరసం పద్ధతిలో లిథియం-6ను భారీగా వేరుచేసింది. వందల టన్నుల పాదరసం అక్కడి నేలలోకి, వాగుల్లోకి చేరిపోయింది. ఆ పద్ధతిని తిరిగి ఎవరూ కోరుకోరు. పాదరసం లేని చౌక పద్ధతి పెద్ద ఎత్తున ఇంకా స్థిరపడలేదు.

జమ్మూ కాశ్మీర్‌లోని రియాసీ జిల్లాలో 59 లక్షల టన్నుల లిథియం వనరులు ఉన్నట్లు భూవిజ్ఞాన సర్వే సంస్థ అంచనా వేసిందని 2023 ఫిబ్రవరిలో ప్రభుత్వం ప్రకటించినప్పుడు కలిగిన ఉత్సాహం ఆ తరువాతి వేలానికి తగినంతమంది రాకపోవడంతో చల్లబడింది. సంలీనానికి కావలసిన లిథియం బ్యాటరీల అవసరంతో పోలిస్తే స్వల్పమే. ఇక్కడ కొరత ఖనిజానిది కాదు, దానినుంచి లిథియం-6ను వేరుచేసే విద్యది.

ఢిల్లీ ముందున్న లెక్క

ఈ రంగంలో భారత్ ఆలస్యంగా అడుగు పెట్టిందనడానికి వీల్లేదు. దేశంలో సంలీన పరిశోధనకు పునాది వేసిన ప్రొఫెసర్ ప్రెధిమన్ కృష్ణ కావ్ 1966లో ఢిల్లీ ఐఐటీలో పిహెచ్‌డి పూర్తిచేశారు. అప్పటికి ఆయన వయసు 18 సంవత్సరాలు. ఆయన సారథ్యంలోనే 1989లో ‘ఆదిత్య’ టోకమాక్ పనిచేయడం మొదలుపెట్టింది. ఆ పునాదే 2005 డిసెంబరులో ఐటర్ తలుపులు మనకు తెరిచింది. 2006 నవంబరు 21న పారిస్‌లో ఒప్పందం కుదిరింది. ప్రొఫెసర్ కావ్ 2017లో మరణించారు.

కేంద్ర ప్రభుత్వ దృష్టి ప్రస్తుతం అణు విచ్ఛిత్తిపైనే ఉంది. 2047 నాటికి లక్ష మెగావాట్ల అణు విద్యుత్తు లక్ష్యంగా పెట్టుకుని, 2025-26 బడ్జెట్‌లో చిన్న రియాక్టర్ల పరిశోధనకు 20,000 కోట్ల రూపాయలతో పథకం ప్రకటించారు. ప్రైవేటు రంగానికి తలుపులు తెరిచే చట్టాన్ని 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించింది. సంలీనం విషయానికొస్తే, ప్లాస్మా పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2025లో ఒక మార్గపటాన్ని ముందుంచారు. ‘ఎస్‌ఎస్‌టీ-భారత్’ పేరిట సంలీనం, విచ్ఛిత్తి కలిసిన రియాక్టర్‌ను సుమారు 25,000 కోట్ల రూపాయలతో నిర్మించాలని, 2060 నాటికి 250 మెగావాట్ల ప్రదర్శన కేంద్రం సాధించాలని అందులో సూచించారు. సంలీన న్యూట్రాన్లతో చుట్టూ ఉన్న ఇంధనాన్ని విచ్ఛిన్నం చేసి అదనపు శక్తి పొందడం ఈ ఆలోచన. ఆ చుట్టూ ఉండేది కూడా బ్లాంకెటే. పైగా మరింత వేడితో, మరింత కఠినమైన శీతలీకరణ అవసరంతో.

పాతిక వేల కోట్లు ఒక్కసారిగా వెచ్చించడానికి ఆర్థిక మంత్రిత్వ శాఖ వెనకాడడంలో వింత లేదు. సంలీనం ఎప్పుడూ ముప్ఫై ఏళ్ల దూరంలోనే ఉంటుందన్న పాత పరిహాసం ఆ శాఖకు తెలియనిది కాదు. అయితే బ్లాంకెట్‌కు సంబంధించిన కీలక పరీక్షలు చాలావరకు అంత ఖర్చు లేకుండానే సాధ్యం. బలమైన అయస్కాంతం మధ్య సీసం-లిథియం ప్రవాహాన్ని నెలల తరబడి నడిపి పూతల మన్నికను తేల్చవచ్చు. న్యూట్రాన్ జనరేటర్ ముందు గుళికలను ఉంచి ట్రిటియం రాబడిని కొలవవచ్చు. మిధాని ఉక్కును అతికించి, కరిగిన లోహంలో ముంచి కోత ఎంతో చూడవచ్చు. ఈ పనులు మన ప్రయోగశాలల్లో ఇప్పటికే చిన్న స్థాయిలో మొదలయ్యాయి. వాటిని పెద్ద స్థాయికి తీసుకుపోవడమే తక్షణ అవసరం. బ్రిటన్ ఇదే తరహా పరీక్షల కోసం కల్హామ్‌లో 20 కోట్ల పౌండ్ల కార్యక్రమం చేపట్టింది. చైనా హెఫేలో సొంతంగా టోకమాక్ నిర్మిస్తూ ఐటర్ కోసం ఎదురుచూడకుండానే ముందుకు సాగుతోంది.

ఐటర్ గడువులు కూడా వెనక్కు జరిగాయి. 2024 జులైలో ప్రకటించిన సవరణ ప్రకారం పరిశోధన 2034లో ఆరంభమవుతుంది. ట్రిటియంతో ప్రయోగాలు 2039లో గాని మొదలు కావు. నాలుగు నమూనాలలో ఉన్న దేశాలకైనా అసలు ఫలితాలు ఆ తరువాతే. వెనుకబడిన భారత్‌కు ఈ జాప్యం కొంత వెసులుబాటు ఇచ్చింది. రెండో విడతలో చోటు అడగాలన్నా, చోటున్న దేశంతో పొత్తు కుదుర్చుకోవాలన్నా, బేరానికి కూర్చునేటప్పుడు చేతిలో పరీక్షల ఫలితాలు ఉండడం వేరు, కాగితంపై నమూనా ఒక్కటే ఉండడం వేరు.

ఈలోగా ట్రిటియం మాత్రం ఎవరికోసమూ ఆగదు. కెనడాలోని పికరింగ్ కేంద్రంలో రెండు పాత భారజల రియాక్టర్లను 2024లో మూసివేశారు. ప్రపంచంలో ఈ రోజు నిల్వ ఉన్న ట్రిటియంలో సగానికి పైగా, ఐటర్ దానిని కోరే 2039 నాటికి హీలియం-3గా మారిపోయి ఉంటుంది.